రెండు నోళ్ళ మొక్కు

ముందుగా మొరుగు వినిపించేది. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోయే బాట పక్కన, గుండ్లగుట్ట వెనక నుంచి, పొద్దు వాలే వేళకు. రెండు పొట్టి మొరుగులు, ఆ వెంటే ఒక పొడుగు మొరుగు. బాటన పోయే కొత్తవాళ్ళు ఆగి చేతికి కర్ర వెతుక్కునేవాళ్ళు. ఊరివాళ్ళు తల కూడా తిప్పేవాళ్ళు కాదు. కాసేపటికి ధూళి లేచేది. ధూళిలోంచి గొర్రెలు, గొర్రెల వెనక ఒక మనిషి. కుక్క మాత్రం ఎక్కడా కనిపించదు. దగ్గరికి వచ్చాక తెలిసేది, మొరుగుతున్నది ఆ మనిషేనని. అతని భుజం మీది కంబళి మూటలోంచి ఎర్రటి చెవి ఒకటి వేలాడుతూ ఉండేది.

ఆ మనిషి కురువ సుంకప్ప. మూటలో ఉన్నది కెంపి. కెంపి అంటే కన్నడం కలిసిన ఆ పక్క మాటలో ఎర్రది. దాని గొంతు పోయి ఏడాదైంది. కాళ్ళు పోయి ఆరు నెలలు. గొర్రెలేమో దాని మొరుగుకే మళ్ళడం నేర్చినవి, ఇంకొకరు ఎంత అదిలించినా తలలు వంచుకుని ఎటో పోయేవి. అందుకని సుంకప్పే ఆ మొరుగు నేర్చుకున్నాడు.

పత్తి బండ్లవాళ్ళు ఊరుకుంటారా? "ఏమన్నా సుంకప్పా, కుక్కను నువ్వు కాస్తాండావా, నిన్ను కుక్క కాస్తాండాదా?"

"ఇద్దరం గొర్రెల్ని కాస్తాండామప్పా. నీ ఎద్దుల్ని ఎవురు కాస్తాండారో సూస్కో, బండి గుంతలోకి పోతాండాది," అనేవాడు సుంకప్ప.

అంటూ నవ్వేవాడు. నవ్వు కింద మాత్రం ఒకే మాట, నీళ్ళ అడుగున రాయిలా కదలకుండా ఉండేది. కెంపి చావకూడదు. చావనీ, కానీ ఇప్పుడే కాదు. మాళి నోరు నిండేదాకా ఉండాలి.

మాళి అతని కూతురు. నోరు నిండడం సంగతి చెప్పాలంటే సుంకప్ప విద్య సంగతి చెప్పాలి.

సుంకప్ప పళ్ళు చూసేవాడు. ఎమ్మిగనూరు జాతరలో, ఆదోని సంతలో, గొర్రె కొనేవాడికి గానీ ఎద్దు కొనేవాడికి గానీ వయసు మీద అనుమానం వస్తే సుంకప్పను పిలిచేవాళ్ళు. రెండు వేళ్ళతో జీవం కింది పెదవి దించేవాడు. ఒక్క చూపు. "నాలుగు పండ్లది. తీస్కపో." అంతే. గొర్రెపిల్లకు మొదట పాలపళ్ళు. ఏడాది దాటాక నడిమి రెండూ ఊడి, వెడల్పాటివి రెండు వస్తాయి. ఆ తర్వాత నాలుగు, ఆరు. ఎనిమిదీ వచ్చి వరుస కుదిరితే నోరు నిండిందంటారు. నోరు నిండిన జీవం పెద్దదయినట్టు. అక్కడి నుంచి అరగడం, సందులు పడడం, రాలడం. కాలం ఎక్కడో ఆకాశంలో నడుస్తుందని సుంకప్ప ఎన్నడూ అనుకోలేదు. కాలం నోట్లో ఉంటుంది. పెదవి దించితే కనిపిస్తుంది.

తెల్లదొరలు పోయిన ఏడు, వానలు పడీ పడని కాలంలో, ఒకే రోజు పొద్దున మాళి పుట్టింది, సాయంత్రం కెంపి పుట్టింది. కెంపి తల్లి నాలుగు పిల్లల్ని పెడితే మూడు పోయాయి. మాళి పాలు తాగడం లేదు. ఒళ్ళు కాలుతోంది. ఇద్దరినీ ఒకే కంబళిలో పొయ్యి దగ్గర పడుకోబెట్టి సుంకప్ప భార్య తిప్పమ్మ చూస్తూ కూర్చుంది. ఏది ముందు పోతుందోనన్న చూపు.

అప్పుడు వాకిట్లో మొరుగు వినిపించింది. గొరవయ్య బసన్న వచ్చాడు. నల్ల కంబళి చొక్కా, చేతిలో ఢమరుకం, నడుముకు పసుపు సంచి. గొరవయ్యలు దేవరగట్టు మల్లయ్యకు కుక్కలు. ఆ సామి పేరు చెప్పి మొరుగుతారు, భక్తులు గిన్నెలో పెట్టింది చేయి తాకకుండా వంగి నోటితోనే తింటారు. బసన్న తిని, లేచి, మూతి తుడుచుకుని, కంబళిలోకి చూశాడు. సంచిలోంచి పసుపు తీసి రెండు నుదుళ్ళకూ పెట్టాడు.

"జోడు ఉండాయి గదరా. జోడుగానే బతుకుతాయిలే. ఏమి మొక్కుకుంటావో మొక్కుకో."

సుంకప్పకు తెలిసిన మాటలు కొన్నే. వాటితోనే మొక్కుకున్నాడు.

"మల్లయ్యా, ఇవి రెండూ బతికితే, రెండిటికీ నోరు నిండినాక, రెండు నిండు నోళ్ళనూ జోడుగా తోలుకొచ్చి నీ ముందర నిలబెడతా."

మొక్కు తప్పితే ఇచ్చింది వెనక్కి తీసుకుంటాడు మల్లయ్య. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పని లేదు. మాళి ఆ సాయంత్రం పాలు తాగింది.

మొదటి తికమక ఏడు నెలలకే వచ్చింది. మాళి సుంకప్ప వేలు కొరికింది. చూస్తే చిగురు మీద బియ్యపు గింజంత తెల్లటిది. అదే వారం ఆడిస్తూ కెంపి నోరు తెరిచి చూస్తే అక్కడ అన్నీ ఉన్నాయి. పాలపళ్ళు ఎప్పుడు రాలాయో, ఎవరు చూశారు, రాలి, కోరలు దిగి, చివరి దంతం దాకా వచ్చేసి ఉన్నాయి. ఒకే కంబళిలో పుట్టిన ఇద్దరిలో ఒకరికి మొదటి పన్ను, ఒకరికి చివరి పన్ను. సుంకప్ప చాలాసేపు దాని నోరు తెరిచి పట్టుకునే ఉన్నాడు. అది ఓపిక పట్టి, చివరికి తుమ్మింది.

"ఇదేమే తిప్పీ, ఇది అప్పుడే నిండిపాయ."

"నిండితే నిండనీ. రెండోది నిండేదాకా కాసుకో," అంది తిప్పమ్మ.

కాచుకోవడం తేలికే అనిపించింది. కెంపి ఏడాదికి పిల్లల్ని పెట్టింది, మాళి అప్పటికి తప్పటడుగులు వేస్తోంది. తిప్పమ్మకు వరసలు కలపడం కష్టమైపోయింది. "పురిట్లో దీన్ని నీకు సెల్లెలంటిమి," అనేది కూతురితో. "ఇప్పుడు సూడు, పిల్లల తల్లి. నీకు అక్కయ్యిందో, సిన్నమ్మయ్యిందో. ఇట్లే పోతే నాకే అత్తయ్యి కూసుంటాదేమో." మాళి మాత్రం కెంపి తోక పట్టుకుని లేచి నిలబడేది. దానికి వరసలతో పని లేదు.

మాళికి మూడేళ్ళు దాటిన చలికాలం ఒక పొద్దున, బిడ్డ సంగటి ముద్ద నములుతుంటే తిప్పమ్మ నోట్లోకి చూసి కేక పెట్టింది.

"మాళి నాయనా, రాప్పా! పాపకు అన్నీ వచ్చినాయి. పైనా కిందా. సందు ల్యాదు. పోదాం పా గట్టుకు."

సుంకప్ప వచ్చి, వేళ్ళు కడుక్కుని, కింది పెదవి దించాడు. ముత్యాలు గుచ్చినట్టు ఉన్నాయి. పక్కన కెంపి నోరు తెరిచి రొప్పుతోంది. దాని కోరలు ఎండకు మెరుస్తున్నాయి. రెండు నిండు నోళ్ళు, పక్కపక్కన. కానీ సుంకప్ప తల అడ్డంగా ఊపాడు.

"ఇవి పాలపండ్లు."

"పాలపండ్లయితే పండ్లు గావా?"

"సంతలో పాలపండ్ల పిల్లను సూపిచ్చి నోరు నిండిందంటే నన్ను సెప్పుతో కొడతారు. లెక్కలోకి రావే ఇవి. ఊడిపోతాయి. దేవుణ్ణి మోసం సేస్తామా?"

"దేవునికి నీ సంత లెక్క ఏమి తెలుస్తాది?"

"మొక్కుకునింది నేను గదా. నాకు తెలిసిన లెక్కనే మొక్కుకుంటి."

జాతరలో పేరున్న మనిషి. పళ్ళ విషయంలో అతని మాట ఎవరూ కాదనరు. తిప్పమ్మ ఒక్కతే కాదని, చివరికి ఊరుకుంది. వాళ్ళు ఆ ఏడు గట్టుకు పోలేదు.

కర్నూలు రాజధాని అయిందని ఆదోని బజార్లో మిఠాయి పంచిన ఏడు, మాళికి ముందు పన్ను ఊడింది. తిప్పమ్మ దాన్ని పేడముద్దలో పెట్టి ఇచ్చింది. మాళి మిద్దె మీదికి విసిరి, రోజూ పొద్దున లేస్తూనే వేలితో చిగురు తడిమి చూసుకునేది. కొత్తది వచ్చింది. ఇంకొకటి ఊడింది, ఇంకొకటి విసిరింది. సుంకప్ప సంతోషించాడు. లెక్క దారిన పడిందనుకున్నాడు. రెండు పళ్ళు, నాలుగు పళ్ళు అని గొర్రెకు లెక్కపెట్టినట్టే కూతురికీ లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. మనిషి నోటికి తొందర లేదని అతనికి నెమ్మదిగా అర్థమవుతూ వచ్చింది. ఒక పన్నుకూ ఇంకో పన్నుకూ నడుమ జొన్న కోతలు పోతున్నాయి, వానలు పోతున్నాయి. కెంపి మూతి మీద సున్నం చల్లినట్టు తెలుపు వచ్చింది.

ఒక రోజు మాళి పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో ఒక పన్ను. పసుపుపచ్చగా, అరిగి, మొన పోయి ఉంది.

"నాయనా, కెంపికి గూడా పన్ను ఊడింది! దాని సంగటి గిన్నెలో ఉండె!"

సుంకప్ప ఆ పన్నును వేళ్ళ మధ్య తిప్పి చూసి, తిరిగి ఇచ్చాడు. మాళి తనే పేడ తెచ్చింది, ముద్ద చేసింది, కెంపిని పక్కన కూర్చోబెట్టుకుని దాని తరఫున మిద్దె మీదికి విసిరింది. మరునాటి నుంచీ పొద్దున లేస్తూనే ముందు తన చిగురు తడుముకుని, తర్వాత కెంపి చిగురు తడిమేది. నెల పోయింది. రెండు నెలలు పోయాయి.

"నాకు వచ్చె గదా నాయనా. దానికెందుకు రాదు? ఒకే దినం పుట్టితిమంటివి గదా?"

ఎన్ని వేల నోళ్ళు చూసిన మనిషి. కెంపి పెదవి దించి, ఆ ఖాళీ చిగురును తనూ తడిమాడు. బిడ్డకు రాలిన పన్ను రావడానికి రాలింది. కుక్కకు రాలిన పన్ను పోవడానికే రాలింది. ఒకే బావి దగ్గర ఒక కడవ నిండుతూ ఉంది, ఒక కడవ కారుతూ ఉంది. రెండూ ఒక మట్టానికి వచ్చిన క్షణం ఎప్పుడో వచ్చి ఉండాలి. ఎప్పుడు? తను ఎక్కడున్నాడు అప్పుడు?

అప్పుడు మొదలైంది భయం. కెంపికి ఇంకో పన్ను ఊడింది, ఇంకొకటి. సంగటి నీళ్ళలో పిసికి పెట్టేవాడు. గుట్ట ఎక్కలేకపోతే ఎత్తుకునేవాడు. మొరగలేకపోతే తను మొరిగాడు. అది నిద్రపోతుంటే పొట్ట కదులుతోందో లేదో చూసేవాడు. తర్వాత లోపలికి పోయి మాళి నిద్రలో ఊపిరి తీస్తోందో లేదో చూసేవాడు. ఒకదాని నుంచి ఇంకోదానికి తిరిగేవాడు.

చివరికి కెంపిని ఎత్తుకుని ఆదోనిలో పశువుల డాక్టరు దగ్గర పనిచేసే కాంపౌండర్ నరహరి దగ్గరికి పోయాడు. సంతలో పరిచయం. మంచి మనిషి, కాకపోతే ఏదడిగినా ముందు ముక్కుపొడి పీల్చాలి.

"సామీ, దీనికి ఎంత వయసు?"

"నీకు తెలీదా? పదకొండన్నావు గదా."

"అది నా లెక్కన. దాని లెక్కన ఎంత?"

నరహరి ముక్కుపొడి పీల్చాడు. "కుక్కకు ఒక ఏడాది అంటే మనకు ఏడేళ్ళు. అట్లా వేసుకో."

సుంకప్ప వేళ్ళు మడిచాడు. మళ్ళీ విప్పాడు. "ఏడాదికే ఇది పిల్లల్ని పెట్టె గదా సామీ. ఏడేండ్ల ఆడపిల్లకు బిడ్డలు పుడతారా?"

"అది... మొదటి ఏడు వేరయ్యా. మొదటి ఏడు పరుగు. ఆ ఒక్క ఏట్లోనే పదిహేనేళ్ళు దాటేస్తుంది. రెండో ఏట ఇంకో పది వేసుకో. ఆ పైన నిదానిస్తుంది."

"ఎంత నిదానిస్తాది?"

"ఏడాదికి నాలుగో, అయిదో. కుక్క పెద్దదయితే ఒక రకం, చిన్నదయితే ఒక రకం. నేను కాంపౌండర్నయ్యా సుంకప్పా, బ్రహ్మను కాను." మళ్ళీ ముక్కుపొడి తీశాడు. "అసలు నీకెందుకీ లెక్క?"

సుంకప్ప మొక్కు సంగతి చెప్పాడు. నరహరి నవ్వబోయి, మనిషి మొహం చూసి మానుకున్నాడు.

"గొర్రెకు పైన ముందు పళ్ళే ఉండవు గదయ్యా. ఆ లెక్క తెచ్చి కుక్కకూ మనిషికీ పెడితే ఎట్లా?"

"మాళికి ఎప్పుడు నిండుతాది సామీ? అది సెప్పు సాలు."

"అన్నీనా? కడపటి దంతాలు మనిషికి పెళ్ళీడు దాటినాక వస్తాయి. పద్దెనిమిదికో, ఇరవైకో, పాతికకో. కొందరికి అసలు రావు."

"రానోళ్ళు ఏమయితారు?"

"ఏమీ కారు. నాలాగా, నీలాగా ఉంటారు. నీకొచ్చినాయా?"

సుంకప్ప వేలు నోట్లో పెట్టుకున్నాడు. కుడివైపు తడిమాడు, ఎడమవైపు తడిమాడు. మళ్ళీ కుడివైపు. ఎద్దుల నోళ్ళు చూశాడు, గొర్రెల నోళ్ళు చూశాడు, తన నోరు ఎన్నడూ చూసుకోలేదు. ఎడమవైపు చివర మెత్తటి చిగురు తప్ప ఏమీ లేదు. ఎన్నడూ ఏమీ ఉన్న గుర్తు లేదు.

ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"తిప్పీ, నాకే ఇంకా నోరు నిండల్యాదంట."

"అది నాకు పెండ్లయిన నాడే తెలుసు," అంది తిప్పమ్మ. తర్వాత అతని మొహం చూసి, దగ్గరికి వచ్చి కూర్చుంది. "మాళి నాయనా, ఇంక లెక్క ఇడిసిపెట్టు. ఇది వచ్చే ఏటి దసరా సూడదు. ఉండంగనే పోదాం. నిండినోటితో కాకుంటే ఉన్ననోటితో. తప్పయితే తప్పని ఆయప్ప ముందరే ఒప్పుకుందాం."

దసరాకు ముందే పోయారు, జనం ఎక్కకముందు. ఆలూరు బాట దాకా బండి, అక్కడి నుంచి నడక. కెంపి కంబళిలో సుంకప్ప వీపు మీద. దాని బరువు రోజురోజుకూ తగ్గుతోందని అతనికి తెలుసు, కానీ ఆ బాటన ఎందుకో పెరుగుతూ వచ్చింది. మాళి పక్కనే నడుస్తూ దాని చెవి పట్టుకుంది.

గట్టు మీద బసన్న ఉన్నాడు. మొదట సుంకప్ప గుర్తుపట్టలేదు. వాకిట్లో ఢమరుకం పట్టుకుని నిలబడ్డ నిలువెత్తు మనిషి ఇప్పుడు వంగిపోయి, బుగ్గలు లోపలికి పోయి ఉన్నాడు. నవ్వితే ఒక్క పన్ను లేదు. కాలం అక్కడికి కూడా వచ్చి పోయింది.

సుంకప్ప కంబళి విప్పాడు. కెంపి నోరు తెరిచి చూపించాడు, మాళి నోరు తెరిపించి చూపించాడు. "సామీ, ఒకటి నిండి కారిపాయ. ఇంగొకటి ఇంకా నిండతాండాది. జోడు కుదరల్యా. నేను తప్పు సేసినా."

"రెండూ ఒకటేసారి ఎప్పుడూ నిండల్యాదేమిరా?"

సుంకప్ప కళ్ళ ముందు ఆ చలికాలపు పొద్దు వచ్చి నిలబడింది. సంగటి ముద్ద, ముత్యాల వరుస, ఎండకు మెరిసే కోరలు. గొంతు తగ్గించి అన్నాడు. "మాళికి మూడేండ్లప్పుడు నిండె."

"అప్పుడు రాకపోతివే?"

"పాలపండ్లు లెక్కకు రావంటి."

"ఎవురి లెక్క?"

"గొర్రెల లెక్క."

"నేను సెప్పితి సామీ," అంది తిప్పమ్మ.

బసన్న పళ్ళు లేని నోటితో చాలాసేపు నవ్వాడు. ఆ నవ్వు తిట్టో దీవెనో సుంకప్పకు తెలియలేదు.

"ఇంతకీ మొక్కు తీరినట్టా, తీరనట్టా?"

"నన్నడుగుతావేమిరా? నేను ఆయప్ప కుక్కను. కుక్కకు లెక్క ఏం తెలుస్తాది?"

అని, పసుపు చల్లి, రెండు చేతులూ నేల మీద మోపి, దేవుడి వైపు తిరిగి మొరిగాడు. సుంకప్ప కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. బసన్న మొరుగు బండలకు తగిలి తిరిగి వచ్చింది. అది ఆగాక, వెనక నుంచి సన్నగా, రెండు పొట్టి మొరుగులు, ఒక పొడుగు మొరుగు.

కళ్ళు తెరిచి తిరిగి చూశాడు. కెంపి తల ఎత్తి ఉంది. నోరు తెరిచి ఉంది. మాళి దాని మెడ చుట్టూ చేతులు వేసి, చెంపకు చెంప ఆనించి కూర్చుంది. ఆ నోరూ తెరిచే ఉంది.

"ఎవురే మొరిగింది?"

"ఏమో నాయనా," అంది మాళి.

తిరుగుబాటలో రెండు మూడుసార్లు అడిగాడు. అదే జవాబు. తిప్పమ్మను అడిగితే తనూ కళ్ళు మూసుకునే ఉన్నానంది.

కార్తీకం చలిలో, ఎండ కాసే గుండురాయి మీద పడుకుని, కెంపి పోయింది. సగం కంబళి చించి చుట్టి గొర్రెల దొడ్డి అంచున పూడ్చారు. ఆ తర్వాత చాలా రోజులు సుంకప్ప తెల్లారుతూనే మాళి పక్కన కూర్చుని, అది ఊపిరి తీయడం చూసేవాడు. పాపకు దగ్గు కూడా రాలేదు. గొర్రెలు ఇప్పటికీ కెంపి మొరుగుకే మళ్ళుతున్నాయి, అది మొరిగేది సుంకప్పే అయినా.

ఆ ఏటి ఎమ్మిగనూరు జాతరలో, ఎడ్ల నడుమ, ఇది రాస్తున్న మనిషికి ఈ కథంతా చెప్పాడు. చెప్పి, చివరిగా అన్నాడు:

"మొక్కు తీరింటే కెంపి ఎందుకు పాయ? తీరకుంటే పాప యాల ఉండాది? పొద్దున పుట్టింది పిల్లగానే ఉండె, సాయంత్రం పుట్టింది ముసిలిదయ్యి పాయ. అది తొందరపడెనో, మేము ఎనకబడితిమో... నాకేం తెలుస్తాది నాయనా, నాదే ఇంకా నిండల్యాదు. ఏదీ, నువ్వు నోరు తెరువు, సూస్తాం."